పడవకు పీట వేసిన పంతులమ్మ

సంతాప సభలో మొదట మాట్లాడిన పెద్దమనిషి ఆవిడని "మృదుభాషి" అన్నాడు.

నేను వెనక వరసలో కూర్చున్నాను. నా పక్కన మా బావ సింహాచలం. మా ఆవిడకి అన్న, మా వర్క్‌షాపులో వెల్డింగు పనంతా అతనిదే. మృదుభాషి అన్న మాట చెవిన పడగానే తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఏడుస్తున్నాడనుకుని ముందు వరసలోంచి ఒకాయన జాలిగా వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూసినాయన కూడా ఒకప్పుడు ఆవిడ నోట్లో పడి లేచినవాడే. ఆ హాల్లో సగం మంది అలాంటివాళ్ళే. పోయినవాళ్ళు తిరిగి ఒక మాట అనలేరన్న ధీమా కాబోలు, ఒకరి తరవాత ఒకరు లేచి ఆవిడని మీగడ తరకలా చేసి పారేశారు. "వీణే ఆమె ప్రాణం" అన్నారు. "ఒకరిని నొప్పించి ఎరగరు" అన్నారు. పడవ సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు.

విజయనగరంలో ఆడపిల్లల బడిలో సంగీతం చెప్పి రిటైరయిన మనిషి, తెరచాప పడవ వేసుకుని సముద్రం మీదకి వెళ్ళేదని చెబితే సభకి నిండుతనం ఉండదనుకున్నారేమో. సరే, నాకు నిండుతనం అక్కర్లేదు కాబట్టి నేను చెబుతాను. పేరు మాత్రం చెప్పను. "నా పేరు ఊళ్ళో వాళ్ళ నోట్లో నానడం నాకిష్టం లేదు, రంగు వెలుస్తుంది" అని ఆవిడే ఒకసారి అన్నారు. మాకందరికీ ఆవిడ పంతులమ్మగారు.

ఆవిడకో అలవాటుండేది. ఏ వస్తువు కనబడినా వేలి కణుపుతో తట్టి చూసేవారు. కొబ్బరికాయ, పుచ్చకాయ అందరూ తడతారు. ఈవిడ గోడలు తట్టేవారు. గృహప్రవేశానికి పిలిస్తే, భోజనానికి కూర్చోబోయే ముందు హాల్లో గోడ ఒకసారి తట్టి, చెవి దగ్గరగా పెట్టి, "ఇసక మాత్రం పుష్కలంగా దొరికిందన్నమాట" అనేవారు. ఇంటాయన చేతిలో జిలేబీ పళ్ళెం అలాగే ఉండిపోయేది. పాఠంలో పిల్లలు స్వరం తప్పితే నెత్తి మీద టక్కుమని ఒకటి తట్టి, "ఖాళీయే. అనుకున్నాను" అనేవారు. మా ఆవిడ ఆ దెబ్బలు తిన్న శిష్యురాలే. ఇప్పటికీ ఏదో పతకం వచ్చినట్టు చెప్పుకుంటుంది.

అడగని సలహా ఎవరైనా ఇస్తే మధ్యలో ఆపేవారు కాదు. చివరిదాకా శ్రద్ధగా వినేవారు. అదే ప్రమాదం. అంతా విన్నాక, "చాలా బాగుంది. మీ ఇంట్లో ఇలాగే చేశారా?" అని అడిగేవారు. సలహా ఇచ్చినాయన టైము చూసుకునేవాడు.

సముద్రపొడ్డున ఒక హోటలు వాళ్ళు టూరిస్టుల్ని తిప్పడానికి తెరచాప పడవలు పెట్టారు. పంతులమ్మగారు రిటైరయిన ఏడాది పాత విద్యార్థినులంతా కలిసి ఆవిడని అక్కడికి పిక్నిక్కుకి తీసుకెళ్ళారు. ఒక చుట్టు తిరిగి ఒడ్డుకి వచ్చాక అందరూ దిగారు, ఈవిడ దిగలేదట. "మళ్ళీ తిప్పవయ్యా" అన్నారట. ఆ తరవాత ఎండనక వాననక బస్సెక్కి వెళ్ళి, పడవ నడిపేవాడి దగ్గర నడపడం నేర్చుకున్నారు. ఇంతలో హోటలు మూతపడింది. పడవలు సరుగుడు తోటలో బోర్లా పడుకున్నాయి. అందులో ఒకటి ఈవిడ కొనేశారు.

"ఎందుకమ్మా ఇది మీకు?" అని అడిగాను నేను.

"నువ్వు మోటారు సైకిలెందుకు కొన్నావో నేనడిగానా?"

అది జోడు దోనెల పడవ. రెండు సన్నటి పొడుగాటి దోనెలు పక్కపక్కన ఉంటాయి. వాటిని కలుపుతూ ఒక చట్రం, చట్రానికి బిగించి కట్టిన దళసరి గుడ్డ. మనుషులు కూర్చోవలసింది ఆ గుడ్డ మీదే. పైన తెరచాప. కట్టుమరం అని మన తూర్పు తీరం వాళ్ళ తెప్పకున్న పేరునే దొరలు పట్టుకుపోయి, కాటమరాన్ అని తిప్పి, మళ్ళీ మనకే తెచ్చి అప్పజెప్పారు. మనమూ కొత్త సరుకే అనుకుని తీసుకున్నాం.

పడవని ఒడ్డున వదిలేస్తే తుపాను రోజుల్లో మిగలదు. ఇంటి దొడ్లో పెట్టుకోవాలి, కావలసినప్పుడు సముద్రానికి పట్టుకెళ్ళాలి. అంటే ట్రైలరు కావాలి. మాది ఊరి బయట ట్రాక్టరు తొట్టెలు చేసే వర్క్‌షాపు. ఒక పొద్దున్న ఆటో దిగి, గొడుగు మడిచి, లోపలికొచ్చి, నా టేబులు ఒకసారి తట్టి చూసి, కూర్చున్నారు.

మా బావకి ఆత్మవిశ్వాసం పుట్టుకతో వచ్చింది. "బరువెంత ఉంటాది పంతులమ్మగోరూ?" అన్నాడు.

"నలుగురు పట్టి ఎత్తగలరు."

"ఓస్, అంతేనా! ఇటికిలు మోసీ తొట్టికి ఇదో లెక్కేటి? ఇనప గొట్టాలు రెండు అడ్డంగా ఏసేత్తాను. దాని మీద పడేసి తాడు కట్టీడమే."

ఆవిడ నేల మీద పడున్న గొట్టాలకేసి చూశారు. "ఆ రెండూ దూరందూరంగా పెట్టు" అన్నారు. పెట్టాడు. "ఇప్పుడు వాటి మీద వెల్లకిలా పడుకో."

"ఏటీ?"

"పడుకోవయ్యా. నీకిదో లెక్కా?"

బావ నాకేసి చూశాడు. నేను పైకప్పు రేకులకేసి చూశాను. పడుకున్నాడు. ఒక గొట్టం భుజాల కింద, ఒకటి నడుం కింద.

"ఎలా ఉంది?"

"నడుం కాడ పట్టేస్తన్నాదండి."

"ఒరే అబ్బాయ్," అన్నారు నాతో, "ఆ గొట్టం కాస్త ఎత్తి కుదుపు. మన బీచి రోడ్డనుకో."

కుదిపాను. బావ పెట్టిన కేకకి పక్క షెడ్డులో లేతు మిషను ఆగిపోయింది.

"చూశావా," అన్నారు పంతులమ్మగారు తాపీగా. "నీకు ఎముకలున్నాయి, కండ ఉంది, అన్నిటికీ మించి నోరుంది. అరిచావు. దానికి పెంకు తప్ప ఏమీ లేదు. లోపలంతా డొల్ల. బరువంతా ఒక్కచోట ఆనితే అరవదు, పగిలి ఊరుకుంటుంది. పగిలిందని నాకు సముద్రం మధ్యలో తెలుస్తుంది. అప్పుడు అరిచే పని నాది."

బావ లేచి నడుం సర్దుకుంటూ, "పోనీ రోలర్లు పెడదాం. దించీటప్పుడు సులువుగా జారతాది" అన్నాడు.

"రోలరంటే చపాతీల కర్ర. సన్నటి గీత మీద ఆనుతుంది. అది కూడా పడుకుని చూస్తావా?"

"ఒద్దమ్మా" అన్నాడు బావ. ఆ రోజు అతను ఆలోచించి చెప్పిన జవాబు అదొక్కటే, సరయిన జవాబూ అదొక్కటే.

ఆ వారమంతా పడవ కింద ఏం పెట్టాలన్నది ఊళ్ళో అందరి సొంత సమస్య అయిపోయింది. జీవితంలో పడవెక్కనివాళ్ళకి ఎక్కువ తెలుసు. ఆమదాలవలస నుంచి తొట్టె రిపేరుకి వచ్చిన రైసుమిల్లు ఆసామి, ఊక బస్తాలు పరిచి దాని మీద పెట్టమన్నాడు. "మెత్తగా ఉంటాది, మా మిల్లులో బోలెడున్నాది" అన్నాడు.

పంతులమ్మగారు పూర్తిగా విన్నారు. "తడిస్తే కుళ్ళుతుంది. కుళ్ళితే పురుగు పడుతుంది. పురుగుల్ని తినడానికి కోళ్ళు కూడా మీరే పంపుతారా?" అన్నారు.

మా వీధిలో ఉండే రిటైర్డు ఇంజనీరుగారు పాత లారీ టైర్లు వెయ్యమన్నారు. రోడ్డు కుదుపంతా టైరు మింగేస్తుందట. "మింగాక మళ్ళీ కక్కుతుంది కదా. బంతిలా ఎగిరినప్పుడు పట్టుకోడానికి మీరు వెనకాల పరిగెడతారా?" అని అడిగారు పంతులమ్మగారు. ఇంజనీరుగారు అప్పటినుంచి మా షాపుకి అవతలి సందులోంచి వెళ్ళేవారు.

చివరికి మేం ముగ్గురం సరుగుడు తోటకి వెళ్ళాం. బోర్లా ఉన్న పడవని ఆవిడ ముక్కు నుంచి తోక దాకా కణుపుతో తట్టుకుంటూ పోయారు. చెవి పెంకుకి ఆనించి, కళ్ళు మూసుకుని. డబ్, డబ్, డబ్ మని బోలుగా మోగుతూ మోగుతూ ఒకచోట టక్కుమంది. అక్కడ ఆగి సుద్దముక్కతో గీత గీశారు. "లోపల ఇక్కడ అడ్డగోడ ఉంది. బరువు మోయగలిగేది ఇదే. పీట దీని కిందకే రావాలి. మిగతాదంతా గోడ లేని సున్నం."

బావ కూడా తట్టి చూశాడు. "నాకు రెండూ ఒక్కనాగే ఇనిపిస్తన్నాయి."

"అందుకే నిన్ను పాటకి పిలవలేదు, వెల్డింగుకి పిలిచాను."

తరవాత చీరల అట్టపెట్టెలు కత్తిరించి, దోనె పొట్ట వంపుకి ఆనించి, సందులోంచి వెలుగు కనబడనంతవరకూ చెక్కుతూ కూర్చున్నారు. ఆ అట్టల ప్రకారం మేం వెడల్పాటి చెక్కపీటలు కోశాం. దోనె పొట్ట ఒడిలో కూర్చున్నట్టు కూర్చోవాలి. ఒక్కో దోనెకి ముందొకటి, వెనకొకటి, సుద్దగీతల కిందకి సరిగ్గా వచ్చేలా. ఒక పక్క ఎత్తయితే చట్రం మెలి తిరుగుతుంది కాబట్టి నాలుగు పీటలూ ఒక్క మట్టానికి ఉండాలి. ట్రాక్టరు తొట్టెకి కుదుపు ఆపడానికి వేసే కమాను బద్దలు ఇంత తేలిక పడవకి వంగనే వంగవు, గుంటలో పడ్డ ప్రతి దెబ్బా నేరుగా పెంకుకే పోతుంది. బావ బద్దలు కొన్ని ఊడదీసి, ట్రైలరుని ఉయ్యాలలా మెత్తబరిచాడు. ఆ ఆలోచన అతనిదే. ఆవిడ ఆ రోజు ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడాన్ని బావ ఇప్పటికీ ప్రశంసాపత్రం కింద లెక్కేసుకుంటాడు.

పీటల మీద ఏం పరచాలన్నది ఆవిడ సొంతంగా తేల్చుకున్నారు. కచేరీ వేదిక మీద పరిచే పాత తివాచీ ఒకటి తెచ్చి, కింద కొబ్బరిపీచు దట్టించి మేకులు కొట్టించారు. "మహామహులు కూర్చున్న తివాచీ. పడవకి ఆ మాత్రం మర్యాద ఉండాలి" అన్నారు. నేను ఏదో అనబోయాను. "పూర్తిగా వింటాను, చెప్పు" అన్నారు. మానేశాను.

మా జీపు వెనక కట్టుకుని మొదటిసారి రేవుకి తీసుకెళ్ళిన రోజు జాలర్ల పల్లె పల్లెంతా వచ్చింది. నూకరాజు అని, ఫైబరు బోటున్న మనిషి, చుట్టూ తిరిగి చూసి, "ఏటమ్మా ఇది, రెండు కాళ్ళ తెప్పా? ఈ వయసులో దీనిమీద సముద్రంలోకెల్తావా?" అన్నాడు.

"సముద్రం నాకంటే ముసలిదయ్యా. దాన్ని ఎవరైనా ఇంట్లో కూర్చోమన్నారా?"

నూకరాజు నవ్వి, తనూ ఎక్కి కూర్చున్నాడు. ఆవిడ చీర మీద, నీళ్ళలో పడ్డా మునగకుండా తేల్చే కోటు తొడుక్కుని, చుక్కాని కర్ర పట్టుకున్నారు. అలలు దాటాక తెరచాప నిండింది. మేం ఒడ్డున నిలబడి చేతులూపాం. ఆవిడ తిరిగి చూడలేదు. తిరిగొచ్చాక నూకరాజు, "గాలి తెలిసిన మనిసే" అని నాతో రహస్యంగా చెప్పాడు. ఆవిడతో చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. పొగిడితే, "తట్టి చూశావా?" అనేవారు.

అలా కొన్ని నెలలు నడిచింది. ఒక ఆదివారం పడవ దించాక బావ దోనె అడుగు తడిమి, "పంతులమ్మగోరూ, ఇలగ రండి" అన్నాడు. పీటలు ఆనేచోట రంగు లేచిపోయి, పెంకు గరుగ్గా గీసుకుపోయింది. తివాచీ తడిసి, ఉప్పూ ఇసకా పీల్చుకుని, ప్రయాణమంతా ఉప్పుకాగితంలా రుద్దుతోంది. మహామహులు కూర్చున్న తివాచీ పడవని నెమ్మదిగా తినేస్తోంది.

ఆవిడ చాలాసేపు అక్కడే వంగి చూశారు. "తప్పు నాదే" అన్నారు. తరవాత మా ఇద్దరికేసి తిరిగి, "ఈ మాట మళ్ళీ వినరు. బాగా గుర్తుపెట్టుకోండి" అన్నారు. తివాచీ పీకేసి, నీళ్ళు పీల్చని దట్టమైన నురుగు రబ్బరు అంటించి, పైన నున్నటి రెక్సిను వేశాం. వెళ్ళొచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడగాలని నియమం పెట్టారు. కడిగేది మేమే.

అసలు దెబ్బ రోడ్డు మీద తగల్లేదు. ఊరి సంస్కృతి వల్ల తగిలింది.

ఊళ్ళో ఒక కళాసంఘం ఉంది. దాని అధ్యక్షుడికి ఊరేగింపంటే ప్రాణం. ఆ ఏడు వార్షికోత్సవానికి లారీ మీద సరస్వతీదేవిని పడవలో కూర్చోబెట్టి తిప్పాలని ఆయనకి తట్టింది. పంతులమ్మగారు శిష్యురాలి సీమంతానికని కొత్తవలస వెళ్ళారు. ఇంట్లో ఆవిడ తమ్ముడున్నాడు. బజార్లో మందుల కొట్టు ఆయనది. అక్కా తమ్ముళ్ళది ఒకటే ఇల్లు. అధ్యక్షుడు వచ్చి అడిగితే, "దానికేం భాగ్యం, తీసుకెళ్ళండి" అన్నాడు.

తీసుకెళ్ళారు. ట్రైలరు చూడ్డానికి కళగా లేదని దాన్ని దొడ్లోనే వదిలేశారు. పడవని లారీలో ఉత్త చెక్కల మీద పెట్టి, కదలకుండా దోనెల కింద ఇటుకలు దోపారు. లారీ మోకులతో దోనెల నడుములు బిగించారు. మనుషులు కూర్చోవలసిన గుడ్డ మీద థర్మోకోలు సరస్వతిని, సరస్వతి వెనక జనరేటరుని, జనరేటరు పక్కన డప్పులవాళ్ళని ఎక్కించారు. సాయంత్రం దాకా తిప్పారు. దేవి చేతిలో వీణ మాత్రం చెక్కు చెదరలేదని అధ్యక్షుడు తరవాత సంతోషంగా చెప్పాడు.

మర్నాడు పంతులమ్మగారు కబురు పెడితే నేనూ బావా వెళ్ళాం. పడవ దొడ్లో ఉంది. ఆవిడ వంగి తడుతున్నారు. టక్కుమనవలసిన చోట చిల్లుకుండ మోగినట్టు మోగింది. ఇటుక అంచు ఆనినచోట పెంకు నెర్రె విచ్చి, లోపలి అడ్డగోడ ఊడిపోయింది.

అప్పుడే అధ్యక్షుడు వచ్చాడు. వెనక ఫొటోగ్రాఫరు, చేతిలో శాలువా. "అమ్మా, మీ సహకారానికి సంఘం తరఫున చిరు సత్కారం" అన్నాడు.

"నాకెందుకయ్యా? దెబ్బ తగిలింది దానికి. దానికి కప్పు."

ఆయన నవ్వి ఊరుకుంటాడనుకున్నాం. కాని ఫొటో లేకుండా వెనక్కి వెళ్ళడం ఆయన చరిత్రలో లేదు. నిజంగానే పడవ ముక్కుకి శాలువా కప్పి, పక్కన నిలబడి, చేతులు జోడించి ఫొటో దిగి వెళ్ళిపోయాడు.

తమ్ముడు అరుగు మీద నిలబడి ఇదంతా చూస్తున్నాడు. చెడ్డవాడేం కాదు. చెడ్డవాళ్ళయితే ఒక్క మాటతో తీరిపోయేది. "పోన్లే అక్కా," అన్నాడు. "ఎలాగూ విరిగింది. నీకెందుకీ వయసులో ఈ సాహసాలు? కొట్టు దగ్గర అందరూ నన్నడిగి నవ్వుతున్నారు. హాయిగా ఇంట్లో కూర్చుని వీణ వాయించుకోవచ్చు కదా."

ఏదో విరుపు విసురుతారని మేం కాచుకున్నాం. ఆవిడ లోపలికెళ్ళి వీణ తెచ్చారు. అరుగు మీద కూర్చుని, ఒళ్ళో సర్దుకుని, తీగ మీటారు. మొదటి స్వరం పలికింది. రెండోదానికి ఎడమచేతి వేళ్ళు మెట్టు మీదకి జరపబోయారు. వేళ్ళు చాపుకోలేదు. కణుపులు వాచి వంకర తిరిగి ఉన్నాయి. తీగ సగం అణిగి, గొంతు నొక్కేసినట్టు మూలిగింది. మళ్ళీ మీటారు. మళ్ళీ అదే మూలుగు. వీణ పక్కన పెట్టేశారు.

"విన్నావా? రెండేళ్ళయింది. నువ్వు పక్క గదిలోనే ఉంటావు. వీణ ఆగిపోయిందని నీకు తెలీలేదు."

తమ్ముడు వంగి వీణని గోడవారగా జరిపాడు.

"నిన్నననులే. వీధిలో ఎవరికీ తెలీలేదు. అందరూ నన్ను వీణ పంతులమ్మ అనే అంటున్నారు." చెయ్యి పైకెత్తి, వేళ్ళు మడిచి చూపించారు. "గుప్పిట మాత్రం ఇంకా ముడుచుకుంటోంది. తాడు పట్టుకోడానికి గుప్పిట చాలు. అందుకని పడవ. అడిగితే మొదట్లోనే చెప్పేదాన్ని."

నేను ఎందుకమ్మా అని అడిగాను గాని, దానికి మోటారు సైకిలు జవాబే వచ్చింది. ఆ సంగతి గుర్తుచేసే సమయం కాదది.

ఆ నెలలోనే ఆవిడ ఇల్లు ఖాళీ చేశారు. జాలర్ల పల్లెలో నూకరాజు ఇంటి వెనక ఒక గది తీసుకుని, పడవతో సహా అక్కడికి చేరారు. విజయనగరం తట్టుకోలేకపోయింది. తమ్ముడు గెంటేశాడని కొందరు, మతి చలించిందని కొందరు చెప్పుకున్నారు. ఎవరో స్వామీజీ సముద్రతీరంలో ఉండమన్నాడని భక్తులు చెప్పారు. చేపల వాసన మధ్య ఉప్పుచేప ముట్టని మనిషి ఎలా ఉంటుందని అందరూ కలిసి బాధపడ్డారు. ఒక్కరూ బస్సెక్కి చూడ్డానికి వెళ్ళలేదు. బాధపడ్డానికి ఇల్లు దాటక్కర్లేదు కదా.

నూకరాజు ఊడిన అడ్డగోడని మళ్ళీ నిలబెట్టి, ఫైబరు గుడ్డ, జిగురు పెట్టి దోనెకి కట్టు కట్టాడు. బోట్ల పెంకు అతికించడం వాళ్ళకి నిత్యం ఉండే పనే. ఆరాక పంతులమ్మగారు తట్టి చూసి, "మళ్ళీ చెయ్యి" అన్నారు. మళ్ళీ చేశాడు. తట్టారు. "మళ్ళీ."

"అమ్మా, నువ్వు సముద్రంలోకెల్తావా, దీని మీద కచేరీ సేత్తావా?" అన్నాడు నూకరాజు చిరాకుగా.

పల్లెలో ఆవిడకి ఎదురు మాట్లాడిన మొదటి మనిషి అతనే. ఆవిడకి అది బాగా నచ్చింది. మూడోసారి అతికించింది ఒప్పుకున్నారు.

తమ్ముడు మొదట్లో రాలేదు. తరవాత ఒక ఆదివారం కీళ్ళనొప్పుల మందులు పట్టుకుని వచ్చాడు. ఆవిడ సంచీ తీసుకుని, "బిందె అక్కడుంది. పడవ కడుగు" అన్నారు. ప్యాంటు మడుచుకుని కడిగాడు. ఆ తరవాత ప్రతి ఆదివారం వచ్చి కడిగేవాడు. ఎక్కమని ఆవిడ ఎప్పుడూ అనలేదు. ఎక్కుతానని ఆయనా అడగలేదు. పీటల మీది రెక్సిను చిరిగితే మా షాపుకొచ్చి, కొత్తది తనే కొలత పెట్టి కత్తిరించుకుని తీసుకెళ్ళేవాడు.

ఆవిడ ఆ గదిలోనే, నాలుగు రోజుల జ్వరంతో పోయారు. తమ్ముడు దగ్గరే ఉన్నాడట. పడవ ఇప్పుడు నూకరాజుది. మొన్న చూసొచ్చాను, మేం కోసిన పీటల మీదే ఉంది.

నేను ఆవిడతో సముద్రం మీదకి వెళ్ళింది ఒకే ఒక్కసారి, పోయిన శీతాకాలం. ట్రైలరు చక్రం బేరింగు మార్చడానికి వెళ్ళాను. పని అయ్యాక, "ఎక్కు" అన్నారు. నాకు ఈత రాదన్నాను. "నేను ఈదమన్నానా?" అన్నారు.

అలలు దాటేదాకా నూకరాజు తోశాడు. ఆవిడ చీర కుచ్చెళ్ళు బిగించి, కాళ్ళు చాపుకుని కూర్చుని, ఒక గుప్పిట్లో చుక్కాని కర్ర, ఇంకో గుప్పిట్లో తెరచాప తాడు పట్టుకున్నారు. గాలి అందగానే పడవ ఒక పక్కకి ఒరిగి, ఒక దోనె నీళ్ళ మీద నుంచి జానెడు పైకి లేచింది. నేను చట్రాన్ని రెండు చేతులా కావిలించుకున్నాను. ఇప్పుడు ఏదో అంటారని కళ్ళు మూసుకుని ఎదురు చూశాను.

ఏమీ అనలేదు.

కళ్ళు తెరిచాను. ఆవిడ నాకేసి చూడ్డం లేదు. తెరచాప అంచు చూస్తూ, తాడు కొంచెం వదులుతూ, కొంచెం లాగుతూ, ముఖాన నీళ్ళ తుంపర పడుతున్నా తుడుచుకోకుండా కూర్చున్నారు. ఒడ్డు సన్నబడింది. సరుగుడు చెట్లు గీతలా మిగిలాయి. దోనెల కింద నీరు సరసరా జారిపోతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. అంతసేపూ ఒక్క మాట లేదు, ఒక్క విరుపు లేదు. నన్ను గాని, ఊరిని గాని, తమ్ముణ్ణి గాని, దేవుణ్ణి గాని ఏమీ అనలేదు. నాకు తెలిసిన ఆ మనిషి ఒడ్డునే దిగిపోయినట్టుంది. ఇక్కడున్నది ఇంకొకావిడ. ఆవిడతో నాకు పరిచయం లేదు. కాసేపటికి నేను చట్రం వదిలేసి మామూలుగా కూర్చున్నాను.

పడవ తిప్పారు. ఒడ్డు దగ్గరవుతోంది. నూకరాజు మొలలోతు నీళ్ళలోకి దిగి చేతులు చాపాడు. పంతులమ్మగారు గొంతు సవరించుకున్నారు.

"ఏంట్రా," అన్నారు, "ఇందాక చట్రాన్ని అలా వాటేసుకున్నావు? మీ ఆవిడతో చెప్పమంటావా?"